మద్దిలపాలెంలో దిగే లాటిన్ పద్యం

హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి ఏడాది జూన్‌లో, ఫాదర్లు కాబోయే యువకులకు శిక్షణనిచ్చే ఒక సెమినరీలో తెలుగు ఉపన్యాసకురాలిగా చేరాను. అది విశాఖపట్నంలోనే, కొండవాలులో ఉండేది. అప్పటికి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి ఉన్నాను. తుఫానుకు ఆ కాలేజీ పైకప్పు ఎగిరిపోయింది. దాన్ని సాకుగా చూపించి యాజమాన్యం తెలుగు శాఖను ఎత్తేసింది. కంప్యూటరు గదికి మాత్రం వెంటనే కొత్త కప్పు వేయించారు. ఈ సంగతి ఇక్కడ అనవసరమే. అయినా ఇంతవరకూ ఎవరూ ఎక్కడా రాయలేదు కనుక రాస్తున్నాను.

సెమినరీకి అధిపతిని రెక్టర్ అంటారు. చదువుల వ్యవహారమంతా డీన్ చేతిలో ఉంటుంది. ఇద్దరూ ఫాదర్లే. విద్యార్థి ఎంత చిన్నవాడైనా 'బ్రదర్' అని పిలవాలి. బయటినుంచి వచ్చి పాఠం చెప్పి వెళ్లే మాలాంటివాళ్లను 'విజిటింగ్' అంటారు. ఆ మాటకు అర్థం ఏమిటంటే, భోజనాల హాల్లో మన కుర్చీ ఏదో మనకు తెలియదు. వరండాలో ఒక నల్లబోర్డు మీద వారంవారం పీరియడ్లు సుద్దతో రాసేవారు. ప్రతి సబ్జెక్టు పక్కనా అది చెప్పేవారి పేరుండేది. నా గడిలో మాత్రం 'తెలుగు' అని రాసి వదిలేసేవారు. పేరు కూడా రాయమని గుమాస్తాను అడిగాను. "తెలుగంటే మీరే కదా మేడమ్, ఇంకెవరున్నారు?" అన్నాడు. మొదటి స్టాఫ్ మీటింగులో డీన్ నన్ను "మన లోకల్ లాంగ్వేజ్ లేడీ" అని పరిచయం చేశారు. నా పేరు సుభద్ర. మూడక్షరాలు. పక్క రాష్ట్రంనుంచి వచ్చినవారికైనా నోరు తిరగని పేరేం కాదు.

నా పీరియడు మధ్యాహ్నం భోజనం తర్వాత. ఆ వేళకు నిద్ర రాని విద్యార్థి ఎవరూ ఉండరు.

రెండో ఏడు బ్రదర్లకు లాటిన్ ఉండేది. ముందు వచనం, ఆ తర్వాత పద్యం. పద్యం డీన్ స్వయంగా చెప్పేవారు. ఆయనకు చదువు లేదని నేనెప్పుడూ అనలేదు. లాటిన్ పద్యాలు ఆయనకు చాలా కంఠస్థం. అయితే తరగతిలో ఆయనకొక నియమం ఉండేది: పాదంలో ప్రతి అక్షరం మీదా గుర్తులు పెట్టి, గణాలు విడగొట్టి, అన్నీ సరిచూసుకున్నాక మాత్రమే నోరు తెరవాలి. ఎవరైనా ముందే పైకి చదవబోతే సుద్దముక్కతో బల్ల మీద కొట్టేవారు. ఆ గుర్తులేమిటో మొదటిరోజు ఒకేఒక్క వాక్యంలో, ఇంగ్లీషులో చెప్పి ముగించారట. ఇంగ్లీషు మీడియంనుంచి వచ్చినవాళ్లు ముందు బెంచీల్లో కూర్చుని రాసుకున్నారు. తెలుగు మీడియంనుంచి వచ్చిన ఐదుగురు వెనక బెంచీలో కూర్చుని, తమకు తెలిసిందే కదా అనుకున్నారు. తప్పంతా అక్కడ మొదలైంది.

క్రిస్మస్‌కు ముందు జరిగిన పరీక్షలో ఆ ఐదుగురికీ గణవిభజనలో సున్నా వచ్చింది. వాళ్లను షార్ట్ కోర్సులోకి మారుస్తున్నట్టు డీన్ ప్రకటించారు. షార్ట్ కోర్సంటే పద్యం ఉండదు, నాలుగు ప్రార్థనలు బట్టీపట్టి వదిలేయడం. రికార్డులో లాటిన్ తప్పినట్టే లెక్క. తక్కిన నలుగురికీ అది అవమానంతో పోయేది. లాజరు సంగతి అలా కాదు. యారాడలో వాళ్లది చేపలు పట్టే కుటుంబం. తండ్రి, అన్న పడవ మీదే బతికేవారు. ఆ ఇంట్లో ఇంటర్ పూర్తిచేసింది అతనొక్కడే. అప్పటికే ఇంగ్లీషు పేపరు తప్పాడు. రెండు సబ్జెక్టులు తప్పినవాడిని ఇంటికి పంపేయడం అక్కడి నియమం. ఫాదర్ కావాలన్న కోరిక అతనిది. పెట్టె సర్దుకోవాల్సిన రోజు వేసవి సెలవులతో వస్తుందని అందరికీ తెలుసు.

జనవరిలో ఒకరోజు నా తరగతి అయ్యాక లాజరు ఆ జవాబు కాగితం పట్టుకుని వచ్చాడు. పక్కన అతని స్నేహితుడు చిన్నప్ప ఉన్నాడు. విజయనగరం వైపు రైతుల బిడ్డ.

"మేడమ్, ఒక్క మాట అడగొచ్చాండి? బరువైన అచ్చరమేదో తేలికేదో నాకు బాగానే ఇనపడతంది. నాను సరిగ్గానే పెట్టినాను. ఫాదరు అన్నీ కొట్టీసినారు. తప్పేటో సెప్పండి" అన్నాడు.

"ఈడికి ఇనపడతందంట మేడమ్. సున్నా వచ్చినోడికి సెవులు మాత్రం బేగున్నాయి" అన్నాడు చిన్నప్ప.

"నీకూ సున్నాయే కదరా బావా."

"నాకు ఇనపడతందని నానన్నానేటి?"

ఆ పాదాన్ని పైకి చదవమన్నాను. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చదివాడు. నాకు లాటిన్ రాదు. అయినా ఏ అక్షరం దగ్గర నిలిచాడో, ఏది తేల్చాడో వినడానికి భాష రానక్కర్లేదు. చదివింది విన్నాక కాగితం చూశాను. ఒక్క క్షణంలో అర్థమైంది. పద్యం పాఠం చెప్పిన ఏ తెలుగు మేష్టరుకైనా అర్థమవుతుంది.

మనం గణవిభజన చేసేటప్పుడు గురువు మీద గిన్నెలాంటి గుర్తు పెడతాం, లఘువు మీద నిలువుగీత. లాటిన్‌వాళ్లకు గురువు మీద అడ్డగీత. చిన్న గిన్నె పెట్టేది లఘువు మీద. లాజరు ఆరో తరగతినుంచి అలవాటైన చేతితో ప్రతి గురువు మీదా గిన్నె బోర్లించకుండా నిలబెట్టాడు. మిగిలిన అక్షరాల మీద మిగిలిన గుర్తు పెట్టాడు. ఒక్కటి కూడా పొరపాటు లేదు. మొత్తం పాదాన్ని అద్దంలో చూసినట్టు రాశాడు. మిగతా నలుగురి కాగితాలూ తెప్పించి చూశాను. రెండు మూడు చోట్ల నిజమైన తప్పులున్నాయి. మిగతాదంతా ఇదే.

ఆ కాగితాలతో డీన్ గదికి వెళ్లాను. నన్ను కూర్చోమనలేదు. నేను చెప్పింది పూర్తిగా విన్నారు, అది ఒప్పుకోవాలి. విన్నాక, గుర్తు తప్పైతే జవాబు తప్పేనన్నారు. మీ హార్బరు ముఖద్వారంలో ఎర్రదీపం, పచ్చదీపం తారుమారు చేస్తే ఓడ ఏమవుతుందని అడిగారు.

"దీపాలు తారుమారు చేసినవాడికి జరిమానా వేస్తారండీ ఫాదర్. వాడికి కళ్లు లేవని రాసి ఇంటికి పంపరు" అన్నాను.

అప్పుడాయన చాలా మర్యాదగా, ఇంగ్లీషులో, ఒక మాట అన్నారు. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి, ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి, వినడానికి తియ్యగానే ఉంటాయి కానీ ఎక్కడా ఎముక తగలదు. అందుకే ఆ భాషలో చదువుకున్న పిల్లలకు అక్షరం బరువు తెలియదు. అది వాళ్ల తప్పు కాదు. ఈ చివరి ముక్క దయగా అన్నారు. నన్ను ఎక్కువగా మండించింది అదే. అక్షరం బరువు మీదే పద్యం కట్టుకున్న భాష గురించి, ఆ భాష పాఠం చెప్పుకుని బతికే మనిషి ముఖం మీద ఈ మాట అన్నారు. నేను మరిచిపోలేదు. మరిచిపోవాల్సిన అవసరం కూడా కనపడలేదు.

రెక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఎవరు చెప్పినా తల ఊపే మనిషి. అందువల్ల ఆయన తల ఊపేదాకా కాదు, నోటితో అనేదాకా కూర్చోవాలని అనుభవం మీద తెలుసుకున్నాను. సంవత్సరాంత పరీక్షకు బయటినుంచి పరీక్షకులు వస్తారు. ఆ పరీక్షకు ఈ ఐదుగురినీ కూర్చోనివ్వాలని, వీళ్లను ముందు పైకి చదివించి వినాలని అడిగాను. అదృష్టమో ఏమో, రావలసిన పరీక్షకులు పెద్దాయన, కంటి ఆపరేషన్ చేయించుకున్నారు, కాగితాలు ఎవరైనా చదివి వినిపించాలని ఆయనే ముందుగా కబురు చేశారట. రెక్టర్ ఒప్పుకున్నారు. అయితే లాటిన్ పీరియడ్లలో వేలు పెట్టకూడదు, నా తెలుగు పీరియడులో నేనేం చెప్పుకున్నా ఆయనకు అభ్యంతరం లేదు. వాళ్లు తప్పితే మాత్రం ఈ విషయం మళ్లీ తన బల్ల మీదికి తేవద్దన్నారు. సరేనన్నాను.

ఆ తర్వాతి సోమవారం బోర్డు చూస్తే, నా పీరియడు గడిలో 'తోటపని' అని ఉంది. తుఫానుకు కొండవాలులో చెట్లు పడిపోయాయి కదా, కొత్తగా నాటిన మొక్కలకు రెండో ఏడు బ్రదర్లు నీళ్లు పోయాలట. తెలుగును శనివారానికి తోశారు. ఎవరు మార్చారని అడగలేదు. ఆ సుద్ద ఏం రాయాలో చెప్పే అధికారం ఉన్నది డీన్ ఒక్కరికే.

తోటపని వద్దని నేననలేదు. గొడుగు తీసుకుని తోటలోకే వెళ్లాను. అక్కడ బోర్డు లేదు, బల్ల లేదు, గుర్తులు పెట్టడానికి వీల్లేదు. బిందెలు మోస్తున్న చేతులకు కలం పట్టించలేం. మిగిలింది నోరు, చెవి. పద్యం అప్పజెప్పించడం నాకు కొత్త కాదు. మన బళ్లలో ఎప్పుడూ అంతే కదా, ముందు పద్యం నోటికి వస్తుంది, ఆ తర్వాతే పలక మీదికి వస్తుంది.

లాటిన్ పద్యంలో వాళ్లు చదవాల్సిన వృత్తం పేరు హెక్సామీటరు. పేరుకు భయపడక్కర్లేదు. పాదానికి ఆరు గణాలు. గణానికి నాలుగు మాత్రలు, అంటే లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున. గురువు తర్వాత రెండు లఘువులొస్తే భగణం, రెండూ గురువులే అయితే గగం. మన కందపద్యంలో నాలుగు మాత్రల గణాలు ఐదు రకాలుంటే, వాళ్లు ఈ రెండింటితో సరిపెట్టుకున్నారు. తీరాలను వాళ్లు 'లీతొర' అంటారు, అది భగణం. రేవులను 'పోర్తూస్' అంటారు, అది గగం. జంటక్షరానికి ముందున్న అక్షరం గురువు కావడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా ఒకటి: ఒక పదం హల్లుతో ముగిసి తర్వాతి పదం హల్లుతో మొదలైతే, ఆ రెండూ కలిసి కూడా అక్కడ జంటక్షరమే. అచ్చు మీద అచ్చొస్తే మొదటిది ఎగిరిపోతుంది. సంధి నేర్చుకున్న పిల్లలకు ఇది వింతేమీ కాదు. ఇవన్నీ నేను లాటిన్ వ్యాకరణం ఇంగ్లీషులో తెప్పించుకుని, ఇంట్లో చదువుకుని, మరునాడు తోటలో చెప్పేదాన్ని. డీన్ చెప్పాల్సిన పాఠం నేను చెబుతున్నానని నాకు తెలుసు. దానికి ఎవరూ నన్ను నియమించలేదని కూడా తెలుసు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పాదం చివర. మొదటి నాలుగు గణాలూ ఈ రెండింటిలో ఏవైనా కావచ్చు. ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే. ఆరోది గగం, చివరి అక్షరం లఘువైనా గురువుగానే లెక్క. ఈ ముగింపు చెవిలో స్థిరపడితే పాదం ఎక్కడ అయిపోతుందో తెలుస్తుంది, వెనక్కి లెక్క కట్టుకోవచ్చు. నా పిల్లలు మొదట్లో బాగానే నడిచి, నాలుగో గణం దాటాక దారి తప్పేవారు. భగణం, గగం అని సూత్రంలా చెబితే తల ఊపేవారు, మళ్లీ తప్పేవారు.

మల్కాపురంనుంచి నేను రోజూ బస్సులో వచ్చేదాన్ని. మా నాన్నగారు గోదావరి జిల్లానుంచి పోర్టులో ఉద్యోగానికొచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఒకరోజు డీన్ అన్న మాట మనసులో తిప్పుకుంటూ, ఇంకా ఏమేం అనుండాల్సిందో ఆలోచిస్తూ కూర్చున్నాను. కండక్టరమ్మ టికెట్ల సంచీ సర్దుకుంటూ అలవాటుగా కేకేసింది. "మద్దిలపాలెం, మద్దిలపాలెం! దిగేవోళ్లు ముందుకి రండి!"

దిగాల్సిన దాన్ని దిగకుండా ఉండిపోయాను. ఆమె నన్ను చూసి, "ఏటమ్మా, మీ స్టాపు కాదేటి ఇది?" అని అరిచింది.

మద్దిల, భగణం. పాలెం, గగం. ఎముక లేని భాషలో ఎముకలన్నీ వరసగా పేర్చిన పేరు, రోజూ నా చెవి పక్కనే అరుస్తున్నారు.

ఆరోజు తోటలో ఒకే సూత్రం చెప్పాను. పాదం ఏ దారిన వెళ్లినా సరే, చివరికి మద్దిలపాలెంలో దిగాలి. దిగలేదంటే మధ్యలో ఎక్కడో తప్పు బస్సెక్కారన్నమాట. ఐదుగురూ నవ్వారు. తర్వాత ఒక్కొక్క పాదం చదువుతూ, చివరి ఐదక్షరాల మీద 'మద్దిలపాలెం' అని పెదవులతో కొలుచుకోవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి దారి తప్పడం ఆగింది.

"మేడమ్, మా యారాడ ఎక్కడైనా పడతాదాండి ఈ పద్యంలో?" అని లాజరు అడిగాడు.

వెనక ఇంకో లఘువు తోడుంటే మధ్యలో ఎక్కడైనా పడుతుందన్నాను. అతని ముఖం వెలిగిపోయింది.

"మరి మేడమ్‌గారి మల్కాపురమో?" అన్నాడు చిన్నప్ప, బిందె దించి.

ఇద్దరూ వేళ్ల మీద లెక్కేసుకున్నారు. రెండు గురువులు, ఒక లఘువు, మళ్లీ గురువు. రెండు గురువుల మధ్య ఒంటరిగా చిక్కుకున్న లఘువుకు ఈ వృత్తంలో చోటు లేదు.

"లాటినోళ్ల బస్సు మల్కాపురంలో ఆగదండి మేడమ్" అన్నాడు లాజరు, ఎంతో విచారంగా ముఖం పెట్టి.

నాకు ఎక్కడా స్టాపు ఉండదని అప్పటికే తెలుసు కనుక, నేను ఆశ్చర్యపోలేదు.

మావాళ్లు మాత్రమే చేయగల తప్పులు రెండున్నాయి. అవి కూడా చెప్పాలి. మనకు యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట మైత్రి కుదరడం. వాళ్లకు పాదం మధ్యలో ఉండేది ఉత్త విరామం, ఒక పదం ముగిసి ఊపిరి తీసుకునే చోటు. అక్షరం కలవక్కర్లేదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా, "అచ్చరం కలవకుండా అదేం యతండి మేడమ్?" అంటూ మొదటి అక్షరానికి జోడీ వెతికేవారు. అది దొరక్క, విరామం దగ్గర ఆగకుండా దాటిపోయేవారు. రెండోది లాజరుది. జాతర్లలో మైకులో పద్యనాటకాలు వింటూ పెరిగినవాడు. పాదం చివర గొంతు తెరిచి రాగం తీయకపోతే పద్యం చదివినట్టే ఉండదు అతనికి. రాగం తీస్తే లెక్క పోతుందని మందలిస్తే రెండు పాదాలు ఓర్చుకునేవాడు. మూడో పాదానికి మళ్లీ అందుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అతను అలా రాగం తీస్తుండగా డీన్ అటుగా వచ్చారు. కాసేపు నిలబడి విన్నారు. "ఇది లాటిన్, బ్రదర్. చేపల వేలంపాట కాదు" అని వెళ్లిపోయారు. ఎవరిని ఉద్దేశించి, ఏ ఊరివాడిని చూసి అన్నారో అందరికీ తెలుసు. లాజరు బిందెలో నీళ్లన్నీ ఒకే మొక్కకు పోశాడు.

"చేపల వేలంలో తూకం తప్పితే తంతారండి మేడమ్" అన్నాడు చివరికి. "ఆయనకి తెల్దు గావాల."

పరీక్ష ఈస్టర్‌కు ముందు జరిగింది. విజిటింగ్ ఉపన్యాసకులకు పరీక్ష గదిలో ప్రవేశం లేదన్నారు. వరండాలో కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాను. వరండా ఎవరిదీ కాదు. పరీక్షకులు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతికర్రతో నెమ్మదిగా వచ్చి కూర్చున్నారు. పెద్ద వయసు. బల్లల మీద ప్రశ్నపత్రాలు పెట్టి ఉన్నాయి. డీన్ చెప్పింది కిటికీలోంచి స్పష్టంగా వినపడింది. ముందు అందరూ గుర్తులు పెట్టి రాయాలి, అందులో పాసైనవాళ్లే పైకి చదవాలి. రెక్టర్ ఒప్పుకున్నది ఇది కాదు. ఇలా పెడితే మావాళ్లలో ఒకరిద్దరు పాత అలవాటుకు పోయి మళ్లీ గిన్నెలు నిలబెడతారు, అక్కడితో ఆట ముగుస్తుంది. అది డీన్‌కూ తెలుసు.

నేను లేచేలోపే లాజరు లేచాడు. ప్రశ్నపత్రాన్ని బల్ల మీద బోర్లించాడు.

"ఫాదర్, మేం ముందు సదివి ఇనిపిత్తామండి. తర్వాత మీరు ఎన్ని గుర్తులు పెట్టమంటే అన్ని పెడతాం."

కూర్చోమన్నారు డీన్. లాజరు కూర్చోలేదు. చిన్నప్ప లేచి తన కాగితం కూడా బోర్లించాడు. మిగతా ముగ్గురూ లేచారు. లాజరు ఒక్కడే నిలబడి ఉంటే అది క్రమశిక్షణ తప్పడం అయ్యేది, ఆ సాయంత్రమే పెట్టె సర్దించేవారు. ఐదుగురు నిలబడేసరికి డీన్ ఒక్కొక్కరి ముఖం వంక మార్చి మార్చి చూశారు. ఆ సందులో నేను లోపలికి వెళ్లాను. ముందు పైకి చదవడానికి రెక్టర్ ఒప్పుకున్నారని, కావాలంటే ఇప్పుడే పిలిచి అడగమని చెప్పాను. మీకు ఇక్కడ పనిలేదని డీన్ అన్నారు. నాకు పని లేదని చెప్పే పని తప్ప ఆయన నాకు ఇంకే పనీ ఇవ్వలేదని నేనన్నాను.

పెద్దాయన చేతికర్రతో నేల మీద తట్టారు. "నాకు ఎలాగూ కళ్లు కనపడవు. చదవనివ్వండి" అన్నారు.

చిన్నప్ప మొదట చదివాడు. తడబడకుండా, కాస్త వేగంగా. పెద్దాయన అరచేయి బల్ల మీద మెల్లగా లయ వేస్తోంది. తర్వాత లాజరు. అతనికిచ్చిన పద్యం తరగతిలో ఎప్పుడూ చూడనిది. మొదటి పాదం సరిగ్గా వచ్చింది. రెండోది కూడా. మూడో పాదం చివర, నేను భయపడినట్టే, రాగం తీశాడు. డీన్ పైకప్పు వైపు చూసి నవ్వారు. పెద్దాయన వేలెత్తి, నువ్వు పాడక్కర్లేదు బాబూ, సరిగ్గా నడిపిస్తే అదే పాడుకుంటుందన్నారు. లాజరు గొంతు సవరించుకుని మిగతా పాదాలు నడిపించాడు. ప్రతి పాదం చివరా తక్కిన నలుగురి పెదవులూ కదులుతున్నాయి. చప్పుడు చిన్నదే. కళ్లు కనపడనివాళ్ల చెవులు ఊరుకోవు కదా.

"ఏమంటున్నారు వాళ్లు?" అని అడిగారు పెద్దాయన.

చిన్నప్ప అన్నాడు: "మద్దిలపాలెం అండి ఫాదర్."

"ఎవరామె?"

"ఆమె కాదండి, బస్టాండు. డిపో కూడా ఉందండి."

గదిలో ముందు బెంచీలవాళ్లు కూడా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఆ పేరు మళ్లీ చెప్పమన్నారు. చెప్పారు. బల్ల మీద వేళ్లతో కొట్టి చూసుకున్నారు. ఇంకోసారి చెప్పమన్నారు. ఆయన కూడా చెప్పి చూశారు, సరిగ్గా పలకలేదు కానీ బరువులు మాత్రం ఒక్కటీ పోలేదు. అప్పుడు నవ్వారు. ఇక గుర్తులు పెట్టమన్నారు.

లాజరు కలం తీసి, డీన్ వైపు కాదు, పెద్దాయన వైపు తిరిగి అడిగాడు: "ఏ గుర్తులు పెట్టమంటారు ఫాదర్? మీవా, మావా?"

రెండూ పెట్టమన్నారు.

ఐదుగురూ పాసయ్యారు. మార్కులు గొప్పవేం కాదు. పాదం మధ్యలో ఆగాల్సిన చోట ఆగకుండా గోడ దూకినట్టు పరిగెత్తారని పెద్దాయన అందరికీ మార్కులు తగ్గించారు. ఆ విషయంలో డీన్ చెప్పింది సరైనదే. ఆయన తరగతిలో విరామం గురించి ముందే హెచ్చరించారట. అది కూడా రాస్తున్నాను, రాయకపోతే నేనూ ఆయనలాంటిదాన్నే అవుతాను. వెళ్లేముందు పెద్దాయన డీన్‌తో, వీళ్లకు చెవి ఉంది, చెయ్యి మాత్రం మీరు నేర్పించాలన్నారు. లాజరు ఇంటికి వెళ్లలేదు. పడవ మీద అతని చోటు అన్న కొడుకు తీసుకున్నాడు.

ఇక్కడితో ఆపేస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. ఆ వేసవిలో వార్షికోత్సవం జరిగింది. సంవత్సర నివేదికలో ఒక వాక్యం: స్థానిక ఊళ్ల పేర్ల సాయంతో లాటిన్ పద్యాన్ని నోటితో అభ్యాసం చేయించే వినూత్న పద్ధతిని ఈ ఏడు డీన్ ప్రవేశపెట్టారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. ఆ పద్ధతి నాదని, పేరు మద్దిలపాలెమని, మల్కాపురం బస్సులో దొరికిందని, తోటలో నీళ్లబిందెల మధ్య చెప్పానని, తప్పును ఈ సభలోనే సరిచేయాలని అడిగాను. రెక్టర్ మైకు దగ్గరికి వచ్చి, మేడమ్, మనమంతా ఇక్కడ ఒకే కుటుంబం అన్నారు.

"కుటుంబంలో కూడా ఎవరి పేరు వాళ్లకుంటుందండీ ఫాదర్" అన్నాను.

సరిచేయలేదు. జూన్‌లో బోర్డు మీద మళ్లీ 'తెలుగు' అనే ఉంది. లాటిన్ పద్యం పక్కన డీన్ పేరే ఉంది. నేను చేతిసంచీలోంచి సుద్దముక్క తీసి, నా గడిలో 'సుభద్ర' అని రాశాను. గుమాస్తా చెరిపాడు. తర్వాతి సోమవారం మళ్లీ రాశాను. కొన్ని వారాలు చెరిపాక అతనికే విసుగొచ్చింది. నేను రిటైరయ్యేవరకు ప్రతి సోమవారం అలాగే రాసుకున్నాను. చివరి వారం కూడా ఆ పేరు నా చేతిరాతలోనే ఉంది. వీడ్కోలు సభ పెడతామన్నారు, వద్దన్నాను.

లాజరు ఇప్పుడు ఫాదర్. కొత్తవాళ్లకు ఆ సెమినరీలోనే లాటిన్ పద్యం చెబుతాడు. పాదానికి రెండు వరసల గుర్తులు పెట్టిస్తాడట, కింద మనవి, పైన వాళ్లవి. కిందటి నెల ఫోన్ చేసి, "మేడమ్, ఈ పిల్లలు కూడా రాగం తీత్తన్నారండి, ఎంత సెప్పినా ఇనరు" అని నాతో ఫిర్యాదు చేశాడు. ఎవరిని చూసి నేర్చుకున్నారో నేనడగలేదు.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒక్కటే. నా పక్షాన ఉన్న న్యాయాన్ని కాగితం మీద పెట్టి ఇస్తే, అవతలివాళ్లు తమ గుర్తులతో చదువుకుంటారు, సున్నా వేస్తారు. అందుకని ఇప్పుడు పెన్షన్ ఆఫీసుకు వెళ్లినా, అపార్టుమెంటు సంఘం మీటింగుకు వెళ్లినా, ఫిర్యాదు ముందు చేతికివ్వను. నలుగురి ముందూ నిలబడి, మొదటినుంచి చివరిదాకా, పైకి చదివి వినిపిస్తాను. కాగితం ఆ తర్వాత ఇస్తాను. కింద నా పేరు నేనే రాసుకుంటాను.